నాలుక మీద నలుసు

“నాలుక చాపమ్మా” అంది డాక్టర్ స్వరూపరాణి.

చెన్నబసమ్మ చాపింది. డాక్టరమ్మ దూది చుట్టిన పుల్లతో ఆ నాలుక కొసను తుడిచి, పుల్లను గాజు గొట్టంలో వేసి మూత పెట్టింది. కొంగు నడుముకు చెక్కుకుని పక్కనే నిలబడ్డ కిష్టవ్వకు అది చాలలేదు.

“ఇంకింత గట్టిగ తుడువమ్మా. గా నాల్కనే మా ఇంటాయన కన్ను తిన్నది.”

నారాయణఖేడ్‌లోని ఆ చిన్న కంటి దవాఖానలో, బెంచీ మీద కూర్చున్న ఆమె మొగుడు భూమన్న కంటికి తువ్వాలు ఒత్తుకుంటున్నాడు. ఎడమ కన్ను తెరిచే ఓపిక కూడా ఆయనకు లేదు.

నాగల్‌గిద్ద పక్కన వాళ్ల ఊళ్లో కంది నూర్చేటప్పుడు పొట్టు ఎగిరి ఆ కంట్లో పడింది. ఊళ్లో ఎవరి కంట్లో నలుసు పడ్డా చెన్నబసమ్మ దగ్గరికే పోతారు. రెప్ప విప్పి పట్టుకుని, నాలుక కొసతో ఇట్టే తీసేస్తుంది. వాళ్ల అమ్మ దగ్గర నేర్చిన పని అది. భూమన్నకూ అలాగే తీసింది. తర్వాత కన్ను ఎర్రబడింది. కిష్టవ్వ ఎంత సేవ చేసినా తగ్గలేదు సరికదా, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ లేచి, వెలుగు తప్ప ఇంకేమీ కనిపించకుండా పోయింది. ఇంకేముంది, చెన్నబసమ్మ నాలుక విషమని కిష్టవ్వ ఊరంతా చాటింపు వేసింది. పరీక్ష చేయించి తేల్చాల్సిందేనని ఆమెను రెక్క పట్టుకుని షేర్ ఆటో ఎక్కించింది కూడా కిష్టవ్వే.

కంట్లో ఇంకేమైనా వేశారా అని డాక్టరమ్మ అడిగింది. అడగడమే ఆలస్యం, కిష్టవ్వ కొంగు ముడి విప్పి మందు సీసా తీసింది. వానాకాలంలో ఊరంతా కండ్లకలక వచ్చినప్పుడు మెడికల్ షాపులో తెచ్చిన మందు అది. వాడకట్టు మొత్తానికీ తన చేత్తోనే వేసింది. ఎరుపు పోగానే ఆపేసి, మిగిలింది దాచింది. కంటి మందును కంటికి రెప్పలా కాపాడిన ఇల్లాలు ఆమె. ఇప్పుడు మొగుడికి పూటపూటా వేస్తోంది. సీసా మూతి కంటికి ఆనించి వేస్తుంది కాబట్టి ఒక్క చుక్క కూడా చెంప మీదికి జారలేదట.

డాక్టరమ్మ సీసా తన దగ్గరే ఉంచుకుంటానంది. కిష్టవ్వ మొహం చిన్నబోయింది. ఇంకా సగముందే అని గొణిగింది.

కంట్లోంచి కూడా కొంచెం గీకి పరీక్షకు తీసుకుని, భూమన్నను దవాఖానలోనే ఉంచారు; కిష్టవ్వ తోడుండిపోయింది. కొన్నాళ్లకు ఫలితం వచ్చిందని తెలిసి చెన్నబసమ్మ తనంతట తానే బస్సెక్కి వచ్చింది. ఊళ్లో ఇప్పుడు ఆమె గడప తొక్కేవాళ్లు లేరు.

డాక్టరమ్మ ముందు భూమన్నను పిలిచి, మంచి కన్నుతో మైక్రోస్కోపులోకి చూడమంది. తెల్లటి వెలుగులో సన్నని పుల్లల్లాంటివి, లెక్కలేనన్ని, చురుగ్గా ఈదుతున్నాయి. ఒకటి ఆగుతుంది, తిరుగుతుంది, మళ్లీ దూసుకుపోతుంది. ఉన్నదేమో ఒక్క చుక్క నీరు. భూమన్న గొట్టం మీంచి కన్ను తీయకుండానే అడిగాడు.

“గివన్నీ నా కంట్లెయేనా?”

“నీ కంట్లోవే.”

తర్వాత మూతలున్న గాజు పళ్లేలు రెండు ముందు పెట్టింది. గంజి పేరుకున్నట్టున్న పొర మీద కాగితం బిళ్లలు, ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. పొరంతా ఆకుపచ్చ మెరుపుతో ఆ క్రిములు పెరిగి ఉన్నాయి. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ పడాలి. కానీ దాదాపు అన్ని బిళ్లల అంచుదాకా పచ్చదనం పాకేసింది. ఒక్క బిళ్ల చుట్టూ మాత్రం అలికిన కళ్లంలా శుభ్రంగా ఉంది.

భూమన్న చాలాసేపు చూశాడు.

“కంది పురుగుకు ఒక్కటే మందు సగం సగం కొడితే, సావకుండ మిగిలినదాని పిల్లలు మందును లెక్కజెయ్యయి. గిది గంతేనా, డాక్టరమ్మా?”

అంతేనంది ఆమె. పైగా ఇవి ఆ తట్టుకునే శక్తిని పక్కదానికి కూడా పంచిపెట్టగలవంది.

“సదువు లేకుంటనే?”

భూమన్నకు కోపం రావాలి. రాలేదు. తన కన్ను తిన్న ఆ కంటికి ఆనని ప్రాణికి దండం పెట్టాలనిపించింది.

పనిచేసే ఆ ఒక్క మందూ మొదలుపెట్టామనీ, మచ్చ మిగిలినా చూపు చాలావరకు దక్కుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. కిష్టవ్వ మొగుడి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఏడుపు ఆగాక ఆమె కళ్లు రెండో పళ్లెం మీద పడ్డాయి. మొదటిదానికన్నా చిక్కటి పచ్చ.

“ఒకటి మా ఆయన కంటిది. గీ రెండోది ఈమె నాల్కదే గదా?”

చెన్నబసమ్మ గోడకు ఆనుకుంది. “నాదే అయితే, అన్నా, ఇగ జన్మల ఎవ్వరి కన్ను ముట్ట” అంది, భూమన్న వైపు చూస్తూ.

ముట్టవద్దనే డాక్టరమ్మ కూడా చెప్పింది. నాలుకతో నలుసు తీయడం ఎప్పటికైనా ప్రమాదమేనంది. అలా అంటూనే అలమరలోంచి మూడో పళ్లెం తీసి చూపింది. దానిలో తెల్లటి చుక్కలే ఉన్నాయి, పచ్చదనం మచ్చుకైనా లేదు.

“ఈమె నాలుకది ఇది. ఆ క్రిమి దీంట్లో లేదు.”

“మరి గా పచ్చది ఎక్కడిది?” కిష్టవ్వ గొంతు ఇంకా తగ్గలేదు. “మా ఆయన కండ్లను ముట్టినోళ్లు ఇంకెవ్వరున్నరు?”

డాక్టరమ్మ ఆ పచ్చ పళ్లెం పక్కన కిష్టవ్వ మందు సీసాను పెట్టింది.