పొయ్యి లేని వంటిల్లు

"వంటింట్లో పొయ్యి ఏదమ్మే?"

గడప దగ్గర నుంచి అలివేలమ్మ గొంతు వినపడేసరికి సునీత చేతిలోని గాజు గిన్నె జారబోయింది. ఇంటి ఓనరమ్మ ఇట్లా చెప్పాపెట్టకుండా వస్తుందని ఆమె అనుకోలేదు.

"గ్యాసు కనెక్షను ఇంకా మారలేదు పెద్దమ్మా. వంటంతా దీంట్లోనే" అంటూ మైక్రోవేవ్ చూపించింది.

"అన్నం గూడానా?"

"కడిగిన బియ్యంలో రెండింతలు నీళ్ళు పోసి పెడితే పావుగంటలో అయిపోతాది. పప్పు ముందే నానేస్తా. కూరగాయలు వారానికి సరిపడా తరిగి ఫ్రిజ్జులో పెట్టుకుంటా."

"మరి తిరగమాత?"

"చిన్న గిన్నెలో నూనె, ఆవాలు వేసి మూత పెడితే అవే చిటపటమంటాయి."

"ఓయబ్బో!"

ఇంతలో మైక్రోవేవ్ కూసింది. సునీత గిన్నె తీసి, గరిటెతో కలిపి, మళ్ళీ లోపల పెట్టింది. అలివేలమ్మ తొంగి చూసింది.

"రాగి జావా? డ్యూటీ చేసే మగోనికి జావ పోస్తావా?"

"రాత్రి డ్యూటీ కదా. పగలు ఇంకేం తినబుద్ధి కాదంటాడు."

"పండుకున్నాడా?"

"ఊఁ" అంది సునీత, మూసి ఉన్న గది తలుపు వైపు చూస్తూ.

"మీ ఫ్రిజ్జు మాత్రం పండుకోదే. గోడవతలున్న నాకు రేయింబగళ్ళు దాని గురకే."

"పాతది పెద్దమ్మా."

"కరెంటు పోతే ఎట్ల?"

"ఇన్వర్టరు ఉంది."

"ఎన్ని గంటలు వస్తాది?"

"మూడు."

అలివేలమ్మ పెదవి విరిచింది. పోతూ పోతూ దేవుడి గూటి దగ్గర ఆగింది. చెన్నకేశవస్వామి పటం ముందు తాజా పూలున్నాయి. ప్రమిద మాత్రం పొడిగా ఉంది. వత్తి కొస కాలకుండా తెల్లగా ఉంది.

"ఇల్లు చేరి పది దినాలాయె. దీపం గూడా పెట్టినట్టు లేదే!"

సునీత పటం మీది పూలు సర్దింది.

"రేపు శుక్రవారం. నేనే వచ్చి పెడతా" అనేసి ఆమె వెళ్ళిపోయింది.

సునీత తలుపు గడియ పెట్టింది. మార్కాపురంలో ఇది వాళ్ళకు మూడో ఇల్లు. మొదటి రెండిళ్ళ వాళ్ళూ నిజం తెలిసిన వారంలోనే ఖాళీ చేయించారు. అందుకే ఈసారి చెప్పలేదు. "మీ ఆయన ఏం చేస్తాడు?" అని అలివేలమ్మ అడిగినప్పుడు, "పలకల ఫ్యాక్టరీలో, పద్దెనిమిదేళ్ళుగా" అని మాత్రం అంది. ఆమె మరో మాట అడగకుండా తాళంచెవి చేతిలో పెట్టింది. ఆమె వెనక గోడకు దండ వేసిన భర్త పటం, దాని పక్కనే మేకుకు ఒక రాతి పలక వేలాడుతున్నాయి.

మనిషి మంచిదేగానీ పట్టింపులు ఎక్కువ. వీళ్ళు చేరిన మర్నాడే గోడకు మసి పడుతుందంటూ తన నీళ్ళపొయ్యిని పెరటి అవతలి మూలకు మార్చింది. ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన ఓబులేసు నోట్లో బీడీ చూసి, గేటు బయటే నిలబెట్టి చెడామడా తిట్టింది. అలాంటి మనిషి దీపం పెట్టని ఇంటిని ఒప్పుకుంటుందా?

రోజూ స్నానం చేసి, పూలు పెట్టి, వెలిగించని ప్రమిదకే దండం పెట్టుకునేది సునీత. 'దీపం లేకపోతే నీకు నా ముఖం కనపడదా స్వామీ?' అని ఒకనాడు అడిగేసింది కూడా. అడిగినందుకు వెంటనే లెంపలేసుకుంది. ఇప్పుడు ఈ ఇల్లూ పోతే భర్త చిన్నయ్యను తీసుకుని ఎక్కడికి పోవాలి?

తెల్లారేసరికి బట్టలు మూట కట్టేసింది.

అలివేలమ్మ తలస్నానం చేసి, కొంగు చాటున ఏదో పట్టుకుని వచ్చింది. సునీత గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"లోపల అగ్గిపుల్ల గీయొద్దు పెద్దమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటా. సాయంత్రానికి మేమే ఖాళీ చేసి పోతాం."

"మిమ్మల్ని పొమ్మన్నదెవురే? తప్పుకో."

ముసలామె ఆమెను పక్కకు జరిపి నేరుగా గూటి దగ్గరికి పోయింది. ప్రమిద తీసి కిందపెట్టి, ఆ చోట కొంగులోని వస్తువు ఉంచింది. రంగు వెలిసిన చిన్న ప్లాస్టిక్ దీపం. అడుగున మీట నొక్కితే పచ్చటి వెలుగు స్వామి పాదాల మీద పడింది.

అలివేలమ్మ 'ఫ్రిజ్జు' గురక వస్తున్న ఆ మూసిన గది తలుపు వైపు చూసి, మెల్లగా అంది.

"పలకల దుమ్ము తిన్న మా ఆయనకు ఆక్సిజన్ పెట్టినన్నాళ్ళు మా స్వామికి ఇదే దీపం."