అదరని రంపం

నేను పాత మిషన్ రంపం గొలుసుకు ఆకురాయితో పదును పెడుతున్నాను. దుకాణంవాళ్లు ఒకరోజు వాడి చూడమని రెండు కొత్త రంపాలు ఇచ్చారు. నాన్న పెరట్లో వాటితో ఒకే దుంగను కోసి చూస్తుంటే, అన్నయ్య ఫోనులో సెకన్లు లెక్కపెడుతున్నాడు.

"ఎర్రది పన్నెండు, నల్లది పదకొండు. నల్లదే తీసుకుందాం నాన్నా."

"వేగం ఒక్కటే చాలదురా. పొద్దస్తమానం చెట్టు మీద పట్టుకోవాలి, అదరకూడదు. ఇవి రెండూ వెన్నలా ఉన్నాయి. ఏదైనా ఒకటే."

"కొత్త వస్తువును నువ్వు మెచ్చుకోవడమా!" అంటూ అన్నయ్య నల్లదాన్ని అందుకున్నాడు. అర నిమిషంలోనే ఆపి చేతులు విదిలించుకున్నాడు.

"ఇదేం వెన్న? మోచేతుల దాకా జివ్వుమంటోంది."

తరవాత ఎర్రదానితో కోశాడు. అది నిజంగానే అదరలేదు.

"నాన్నా, నీకు తేడా తెలియలేదా?"

నాన్న చేతులు చంకల్లో దాచుకున్నాడు.

"పాత రంపం అదురుకు వేళ్లు మొద్దుబారి రెండేళ్లయిందిరా. అమ్మకు చెప్పకండి."

నా చేతిలో ఆకురాయి ఆగిపోయింది.

"మరి ఇవాళ బడి పక్కన కొట్టాల్సిన చెట్టెలా ఎక్కుతావు? కొమ్మ పట్టు దొరికిందో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"కళ్లున్నాయిగా. చూసి పట్టుకుంటున్నా."

ఎత్తంటే కళ్లు తిరిగే అన్నయ్య ఇన్నేళ్లూ కింద నిలబడి తాడు పట్టినవాడే. లోపలికి వెళ్లి, నాన్న చెట్టెక్కే బెల్టు తన నడుముకు బిగించుకుని వచ్చాడు. ఎర్ర రంపం తీసుకుని, మా ఇద్దరి వైపూ చూడకుండా గేటు దాటి వెళ్లిపోయాడు.