క్షమాపణ పిజ్జా

లోరెడానా పిజ్జా డబ్బా మూత తెరిచి, చూసి, మళ్లీ మూసేసింది.

"కింద ఆలుగడ్డ ముక్కలు, పైన మొక్కజొన్న గింజలు, వాటి మీద మయొనైజుతో ముగ్గు! ఎట్టోరే, దీన్ని నన్ను తినమని తెచ్చావా, పొమ్మని తెచ్చావా?"

"సైకి ఊరు మొత్తానికి ఉన్నది ఒక్కటే పిజ్జా కొట్టు. నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు ఆమె భర్త ఎట్టోరే. ఓడల కార్ఖానాలో ఉద్యోగమని ఆమెని జపాన్ తీసుకొచ్చింది అతనే.

"నేను ఇటలీలో, సాలెర్నోలో పుట్టినదాన్ని. శనివారం సాయంత్రం పిజ్జా తినకుండా పెరగలేదు. నాలుగు నెలలు ఓర్చుకున్నా. వచ్చే శనివారం కూడా ఈ మొక్కజొన్నే అయితే ఆదివారం విమానం ఎక్కుతా. ఇక్కడే ఉండి నీ ఓడలు నువ్వు కట్టుకో."

అన్నంత పనీ చేసే మనిషే. సూట్‌కేసు అప్పటికే మంచం మీద నోరు తెరుచుకుని ఉంది. పోనీ ఇంట్లో చేసుకుందామా అంటే, ఆ వంటింట్లో స్టవ్వు కింద చేపలు కాల్చుకునే అర తప్ప ఓవెన్ లేదు. ఓసారి అందులో ప్రయత్నించి, చేప వాసన కొట్టే పిజ్జాని ఇద్దరూ ముక్కు మూసుకుని పారేశారు.

ఎట్టోరే కొట్టుకి ఫోన్ చేశాడు.

"ఏడో నంబరు పిజ్జా మొక్కజొన్న లేకుండా ఇవ్వండి."

"క్షమించాలి సార్. ఏడో నంబరులో మొక్కజొన్న ఉంటుంది," అంది అమ్మాయి.

"తీసేసి ఇవ్వండి తల్లీ!"

"తీసేస్తే అది ఏడో నంబరు అవదు కదా సార్."

ఎట్టోరేకి ఒళ్లు మండిపోయింది. "అసలు మీది పిజ్జాయే కాదు!" అని అరిచి ఫోన్ పెట్టేశాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాడు పాపం. జపాన్‌లో కొట్టువాళ్ల మీద అరిస్తే అది గాల్లో కలిసిపోదు. ఫిర్యాదై కాగితమెక్కి కూర్చుంటుంది.

అరగంటలో గుమ్మం ముందు కొట్టు మేనేజరు ఉకాయ్ ప్రత్యక్షమయ్యాడు. యాభై దాటిన మనిషి. చేతిలో మిఠాయి పెట్టె, నడుము సగానికి వంగి ఉంది.

"పెద్ద తప్పు జరిగింది. మీ ఊళ్లో పిజ్జా ఎలా ఉంటుందో సెలవియ్యండమ్మా," అంటూ జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

"పిండి, టమాటా, చీజు, నాలుగు బేసిల్ ఆకులు," అంది లోరెడానా నీరసంగా.

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"ఇంకేం లేదు," అని రాసుకుని, దాని కింద గీత కూడా గీశాడు.

మరుసటి శనివారం మళ్లీ వచ్చాడు. డబ్బాలో, అంచులు అక్కడక్కడా మాడిన పల్చటి పిజ్జా ఉంది. లోరెడానా మొదటి ముక్క నిలబడే తినేసింది. రెండో ముక్కకి ఏడ్చింది. తర్వాత లేచి వెళ్లి సూట్‌కేసులో బట్టలు తీసి బీరువాలో పెట్టుకుంది. ఎట్టోరేకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఈ ఆకులెక్కడివండీ?" అని అడిగింది.

"మా బాల్కనీ కుండీలోవమ్మా," అన్నాడు ఉకాయ్, చెవులు ఎర్రబడుతుండగా.

ఆ పై శనివారం ఎట్టోరే హుషారుగా ఫోన్ చేశాడు. "మాకు ఆ పిజ్జాయే కావాలి."

"క్షమించాలి సార్. అది మేం అమ్మేది కాదు. మీ ఫిర్యాదుకి క్షమాపణగా మేనేజరు గారు చేసిచ్చింది."

"మళ్లీ కావాలంటే ఏం చెయ్యాలి?"

అమ్మాయి కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. "మళ్లీ ఫిర్యాదు వస్తే తప్ప..."

లోరెడానా అప్పటికే బల్ల మీద కంచాలు పెట్టేసింది. ఎట్టోరే చేసేది లేక ఏడో నంబరు తెప్పించాడు. మూత కూడా తియ్యకుండా, కళ్లు గట్టిగా మూసుకుని, ఏ తప్పూ చెయ్యని మనుషుల్ని ఫోన్‌లో తిట్టాడు.

అరగంటకి ఉకాయ్ వచ్చాడు. చేతిలో అదే పల్చటి పిజ్జా. ఎట్టోరేకి తల కొట్టేసినట్టయింది.

"నన్ను క్షమించండి ఉకాయ్ గారూ."

"అయ్యయ్యో, ఆ మాట అనాల్సింది నేను సార్." ఉకాయ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పదకొండేళ్లుగా ఏడో నంబరే చేస్తున్నాను. ఎవరూ ఏడ్చింది లేదు, నవ్వింది లేదు. వచ్చే శనివారం ఇంకాస్త గట్టిగా తిట్టండి. ఆకులు బాగా ఎదిగాయి."

ఎట్టోరే ఇంకాస్త గట్టిగా తిట్టాడు. తర్వాతి వారం ఇంకా గట్టిగా. లోరెడానా గుమ్మం దగ్గరే ఓ ముక్క తిని, వచ్చీరాని జపాన్ మాటల్లో మెచ్చుకునేది. అది వినడానికి ఉకాయ్ మెట్ల మీద ఓ నిమిషం ఆగేవాడు.

ఐదో ఫిర్యాదుకి బెల్లు మోగింది. లోరెడానా పరుగున వెళ్లి తలుపు తీసింది. ఎవరో కొత్త మనిషి. నల్ల సూటు వేసుకుని, నడుము సగానికి వంచి, రెండు చేతులతో డబ్బా అందించాడు. మూత తీస్తే మొక్కజొన్న గింజలు, మామూలు కన్నా రెట్టింపు.

"ఉకాయ్ గారేరీ?" అంది లోరెడానా.

"ఒకే ఇంటి నుంచి ఇన్ని ఫిర్యాదులు మాకెప్పుడూ రాలేదమ్మా. హెడ్డాఫీసు తల దించుకుంది," అన్నాడతను, ఇంకాస్త వంగి. "మీకిక ఫిర్యాదు చేసే అవసరమే రాకుండా, ఉకాయ్ గారిని నిన్ననే ఎక్కడో ఉత్తరాన హొక్కయిడోలో గోదాము పనికి పంపించేశామండీ."