మూడు కొటేషన్లు

"మూడు కొటేషన్లు కావాలండీ. అవి లేకుండా నేను సంతకం పెట్టను."

రామబ్రహ్మం గారు ఈ మాట అనడం పొద్దుటి నుంచి ఇది తొమ్మిదోసారి. ముప్ఫై నాలుగేళ్లు ఆడిట్ ఆఫీసులో పనిచేసి రిటైరైన ఆ పెద్దమనిషి, ఇప్పుడు అపార్ట్‌మెంట్ సొసైటీకి కోశాధికారి. సెక్రటరీ ఉదయ్ భాస్కర్‌కి ఒళ్లు మండిపోతోంది.

"వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి కొటేషన్ ఎవరిస్తారండీ? నెట్‌లోంచి దించుకుంటాం, అంతే. పైగా ఇది ఫ్రీ!"

"ఫ్రీ అయితే ఆ మాటే లెటర్‌హెడ్ మీద రాసిమ్మనండి."

ఉదయ్ తల పట్టుకున్నాడు. టైము మూడున్నర. ఐదింటిలోగా రెండు నిమిషాల వీడియో చెరువుల అధికారికి మెయిల్ చెయ్యాలి. చేస్తే రేపు పొద్దున్నే సర్వేకి మనుషులొస్తారు. లేకపోతే ఫిర్యాదు మూసేస్తారు. పక్క వెంచర్ వాళ్లు చెరువు హద్దు రాళ్లు దాటొచ్చి టిప్పర్లకొద్దీ మట్టి చెరువులో పోస్తుంటే, వానొచ్చినప్పుడల్లా ఆ నీళ్లు వీళ్ల సెల్లార్లో తేలుతున్నాయి. పోయిన వారం ఉదయ్ కొత్త కారు సీట్లదాకా మునిగింది. కిటికీలోంచి చెరువు కనపడుతుందని లక్షలు ఎక్కువ పోసి బి బ్లాకులో ఫ్లాటు కొన్నవాడికి, చెరువు తిన్నగా కార్లోకే వచ్చి కనపడింది.

డ్రోన్‌తో షూట్ చేసింది ఖాజాగూడ వీడియోగ్రాఫర్ ఓంకార్. నిన్న ఆ టైముకి ఉదయ్ ఆఫీసు మీటింగులో ఇరుక్కుపోతే, ఎర్రటెండలో గొడుగేసుకుని డాబా మీద ఓంకార్ పక్కన నిలబడి, స్క్రీను చూస్తూ అంతా తీయించింది రామబ్రహ్మం గారే. మెమరీ కార్డు సొసైటీ ఆస్తి అంటూ జేబులో వేసుకెళ్లి, ఇందాక మూడింటికి గానీ తెచ్చివ్వలేదు.

"నా లాప్‌టాప్‌ల సాఫ్ట్‌వేర్ ఉన్నది సార్," అన్నాడు ఓంకార్. "ఇరవై నిమిషాల్ల కొట్టిస్త."

"దానికి బిల్లుందా?" అన్నారు రామబ్రహ్మం గారు.

ఓంకార్ ఫ్యాను వంక చూశాడు.

"దొంగ కాపీతో సాక్ష్యం తయారు చేస్తామా? రేపు అవతలివాళ్ల లాయరు అడిగితే?"

"సరే, ఫోన్లో యాప్ ఉంది, దాంట్లో చేద్దాం," అన్నాడు ఉదయ్.

"మూల మీద ఆ యాప్ పేరు పడుతోంది చూడండి. మన వీడియో మీద వాళ్ల పేరేమిటండీ?"

ఉదయ్ పళ్లు నూరుకుంటూ ఇంకో సాఫ్ట్‌వేర్ దించాడు. సినిమావాళ్లు వాడేదట. ఫుటేజ్ ఎక్కించగానే లాప్‌టాప్ తిరగలి తిప్పినట్టు గుర్రుమంది, తెర తెల్లబడింది, ఆ తర్వాత ఉలకదు, పలకదు. మళ్లీ ఆన్ చేసేసరికి నాలుగు దాటింది.

"దీనికంటే నెలకింత కట్టే సాఫ్ట్‌వేర్ బెస్ట్ సార్. ఏం ఫికర్ ఉండదు," అన్నాడు ఓంకార్.

"నెలనెలా కట్టేదంటే జనరల్ బాడీ తీర్మానం కావాలి," అంటూ రామబ్రహ్మం గారు తెల్ల కాగితం మీద కొటేషన్ల పట్టికలో స్కేలు పెట్టి నాలుగో గడి గీశారు.

ఉదయ్‌లో ఏదో తెగిపోయింది. "నా కార్డుతో నేనే కడతానండీ! సొసైటీ పైసా ఇవ్వక్కర్లేదు. మీ సంతకం అక్కర్లేదు. మీ గడులూ అక్కర్లేదు!"

రామబ్రహ్మం గారు స్కేలు పక్కన పెట్టారు. పొద్దుటి నుంచి మొదటిసారి ఆయన గొంతు తగ్గింది.

"తొందరపడకండి బాబూ. పెద్దవాణ్ణి, చెబుతున్నాను."

"తొందరా? నా కారు మునిగిపోతేనూ!" అని ఉదయ్ టకటకా కార్డు నంబరు కొట్టేశాడు.

నాలుగూ యాభై అయిదుకి వీడియో తయారైంది.

"మీరు చెప్పినట్టే రాయికి రాయికి కలిపి ఎర్ర గీత కొట్టిన సార్. గీతకి చెర్వు దిక్కు ఉన్నదంతా చెర్వుదే. పిల్లగాడికి సుత సమజైతది," అన్నాడు ఓంకార్ ఉదయ్‌తో గర్వంగా.

ఉదయ్ ముందుకి వంగాడు. డ్రోన్ పైకి లేచింది. ఎర్ర గీత పక్క వెంచర్ మట్టి గుట్టని సరిగ్గా మధ్యకి కోసింది. టిప్పర్ల నంబర్లు కూడా కనపడుతున్నాయి.

"దొరికారు వెధవలు!" ఉదయ్ బల్ల గుద్దాడు.

గీత అక్కడ ఆగలేదు. వీళ్ల ప్రహరీ దాటింది. క్రోటన్ మొక్కల మధ్య, పిల్లల జారుడుబల్ల దగ్గర, అందం కోసం బిల్డరు పాతించాడని అందరూ అనుకునే తెల్ల రాళ్లున్నాయి. ఆ రాళ్లన్నీ కలుపుకుంటూ బి బ్లాకు ముందు వైపు నుంచి సాగిపోయింది. బ్లాకు మొత్తం గీతకి చెరువు వైపే ఉండిపోయింది. మూడో అంతస్తు బాల్కనీలో ఉదయ్ భార్య వాసంతి ఆరేసిన పసుపు దుప్పటి, దాని మీది పువ్వులతో సహా, స్పష్టంగా కనపడుతోంది.

రామబ్రహ్మం గారు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు.

"నాదీ బి బ్లాకేనండీ," అన్నారు మెల్లగా. "నిన్న డాబా మీదే చూశాను."

ఇరవై ఏళ్ల లోను ఉదయ్ కళ్లముందు బుల్డోజరెక్కి వస్తోంది.

"సార్, రెండే నిమిషాలున్నయ్," ఓంకార్ మౌస్ మీద వేలు పెట్టాడు. "మెయిల్ కొట్టాల్నా?"

ఉదయ్ గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగవయ్యా! మూడు కొటేషన్లు రాకుండా ఎలా పంపుతాం?"