పెన్సిల్ పొట్టు

“నేను రాను. ముందు ఆ సంచీ కింద పెట్టు,” అన్నాడు తండ్రి.

కూతురు వినిపించుకోలేదు. దండెం మీది చొక్కాలు ఒక్కొక్కటే లాగి, మడతపెట్టి సంచీలో కుక్కుతోంది. ప్రింటింగ్ ప్రెస్సు పైన ఒంటిగది అది. కింద మిషన్ ఆడినప్పుడల్లా గూట్లో ఉన్న ఒకే ఒక్క గ్లాసు గలగలమంటుంది. ముప్పయ్యేళ్ళు ఓడ ఇంజను దగ్గర పనిచేసి వచ్చినవాడికి ఆ మోతే తోడు. ప్రెస్సుకి సెలవైతే ఆ రోజు ఆయనకి పొద్దు గడవదు.

“నీకు నేనేం చేశానని తీసుకెళ్తావే? నువ్వు పుట్టినప్పుడు లేను. మీ అమ్మ పోయినప్పుడూ లేను.”

“తెలుసు నాన్నా.”

“మరి?”

ఆమె చేతిలో చొక్కా ఆగిపోయింది. “మీ గురించి నాకో సంగతి గుర్తుంది.”

ఆయన ప్రాణం లేచొచ్చింది. ఏ రేవులో దిగినా కూతురికి బొమ్మ కొనకుండా మళ్ళీ ఓడెక్కలేదాయన. “డోలు వాయించే ఎలుగుబంటేనా?” అన్నాడు ఆశగా.

“ఎలుగుబంటేమిటి?” అంది కూతురు.

ఆయన గూట్లోని గ్లాసు తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

“నాకప్పుడు నాలుగేళ్ళు. రేపోమాపో బళ్ళో వేస్తారు. కిటికీ దగ్గర కూచుని మీరు బ్లేడుతో నా కొత్త పెన్సిలు చెక్కారు. పొట్టు గుండ్రంగా, ఎర్రంచుతో పువ్వులా వచ్చింది. నా అరచేతిలో పెట్టారు. ఇంకోటి అన్నాను, చెక్కారు. ఇంకోటి అన్నాను. పెన్సిలంతా అయిపోయేదాకా విసుక్కోకుండా చెక్కుతూనే ఉన్నారు. మొహం సరిగ్గా గుర్తులేదు నాన్నా, చేతులే కనపడతాయి. పండగా కాదు, పబ్బమూ కాదు. ఎందుకు గుర్తుండిపోయిందో తెలీదు. మనసు బాగోలేకపోతే చాలు, అదే గుర్తొస్తుంది. అలాంటి మనిషిని ఇక్కడ ఒంటరిగా వదిలేయమంటారా?”

ఆ ఏడాది పొడుగునా ఆయన సముద్రం మీదే ఉన్నాడు. తిరిగొచ్చేసరికి పిల్ల రెండు జడలేసుకుని బడికి పోతోంది.

“మీకు గుర్తుందా?”

ఆమె కళ్ళు ఆయన మొహం మీదే ఉన్నాయి. కాదనడానికి మనసొప్పలేదు.

“ఎందుకు గుర్తుండదమ్మా,” అన్నాడు. తర్వాత చెప్పుల కోసం వెతుక్కుంటూ, “నువ్వు సర్దుతూ ఉండు. బాబాయికి చెప్పొస్తాను,” అన్నాడు.

బాబాయి అంటే ఆయన తమ్ముడు. పెళ్ళీపెటాకులూ లేనివాడు. పక్క వీధిలో పటాలు కట్టే కొట్టు, దాని వెనకే మంచం, స్టవ్వూ. అన్న వెళ్ళేసరికి బల్ల మీద వంగి అద్దం కోస్తున్నాడు.

“దాని పెన్సిలు చెక్కింది నువ్వేనా?” అన్నాడు అన్న, గుమ్మంలోంచే.

తమ్ముడు తల ఎత్తలేదు. “ఏ పెన్సిలు?”

“నా దగ్గర దాచకు. ఆ ఏడు ఇంట్లో ఉన్న మగాడివి నువ్వొక్కడివే.”

అద్దం టక్కున విరిగింది, గీత గీసిన చోట కాదు. తమ్ముడు ముక్కలు ఏరి పక్కన పెట్టాడు.

“నేనే. కొత్త పెన్సిలు తగలేశానని వదిన చివాట్లు కూడా పెట్టింది.”

“పద, ఇప్పుడే దాంతో నిజం చెప్పేస్తాను. పరాయి సొమ్ము మింగినట్టుంది నాకు. అది తీసుకెళ్ళాల్సింది నిన్ను. నీకు మాత్రం ఎవరున్నార్రా?”

“నాకేం అన్నయ్యా, కొట్టు నిండా మనుషులే,” అని తమ్ముడు గోడల మీది పటాలకేసి చెయ్యి చూపించాడు. “కాకపోతే ఒక్కళ్ళూ మాట్లాడరు.”

“నీ హాస్యాలు తర్వాత. ముందు లే!”

తమ్ముడు లేవలేదు. కొత్త అద్దం ఒకటి తీసి బల్ల మీద పరిచి, చాలాసేపు గుడ్డతో తుడిచాడు.

“మొన్న ముందుగా నా దగ్గరికే వచ్చింది అన్నయ్యా, నన్ను తీసుకెళ్తానని. ఆ చేతులు నావి కావు, మీ నాన్నవని ఒట్టేసి పంపించింది నేనే.”