లిఫ్టుకు రెండే వాక్యాలు

“కళ్లలోకి చూడు.”

“చూడలేను.”

“అయితే కనుబొమల మధ్య చూడు. ఎవరూ కనిపెట్టలేరు.”

శిష్యుడు చూశాడు. మూడు అంకెలు లెక్కపెట్టి నేల చూపులకి దిగిపోయాడు.

గురువుగారు పెన్సిలుతో బల్ల మీద కొట్టారు. “ఐదు అన్నానా, లేదా?”

గురువుగారికి ఈ కిటుకులన్నీ కంఠతా. డాక్టరమ్మ దగ్గర రెండేళ్లు నేర్చుకున్నవి. శిష్యుడిది మాత్రం ఆటిజమని తెలిసి ఇంకా నెల కాలేదు.

ఇంటర్వ్యూ పదింటికి. ఊళ్లో గంట మోగని బడి అదొక్కటే. పీరియడ్ అయితే గోడ మీద పచ్చదీపం వెలుగుతుంది, అంతే. సీటు కూడా ఒక్కటే మిగిలింది.

పోయినవారం ఇంకో బడిలో హెడ్మాస్టరు ముచ్చటగా అడిగాడు, “మా బడి ఎలా ఉంది?” అని. శిష్యుడు ఉన్నమాట చెప్పేశాడు. “మీ మరుగుదొడ్డి కంపు గేటు దాకా వస్తోంది.”

సీటు గోవిందా!

“మళ్లీ అదే అడిగితే?” శిష్యుడికి చెమటలు పట్టాయి.

“మంచిదేదో ఒకటి వెతికి చెప్పు. అబద్ధం వద్దు.”

“దొరక్కపోతే?”

“బడికి మెట్లెన్ని ఉన్నాయో లెక్క చెప్పు.”

“మరి లిఫ్టుల గురించి?”

“రెండు వాక్యాలు.”

“లిఫ్టు తాడు గురించి?”

“అడిగితేనే!”

“చెవులు మూసుకోవాలనిపిస్తే?”

గురువుగారి గొంతు మెత్తబడింది. “మూసుకో. అది తప్పు కాదు.”

“మీ గురుశిష్యులకో దండం!” వంటింట్లోంచి ఇల్లాలు కేకేసింది. “తొమ్మిదిన్నర. ఇద్దరూ తెమలండి!”

పదింటికి ముగ్గురూ బడి వరండాలో బెంచీ మీద ఉన్నారు. ప్రిన్సిపాల్ గది తలుపు తెరుచుకుంది. ఇల్లాలు లేచింది. శిష్యుడు కదల్లేదు.

“భయమేస్తోంది,” అన్నాడు.

“నాకూ నిన్న వేసింది. లిఫ్టు?”

“రెండు వాక్యాలు.”

“శభాష్!”

ఆరేళ్ల గురువుగారు బెంచీ ఎక్కి, రెండు జడలూ వెనక్కి విసిరి, ఇరవై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న శిష్యుడి కాలరు సరిచేసి, “పిల్లల ఇంటర్వ్యూలో నిన్న నేను పాసయ్యాను, ఇవాళ అమ్మానాన్నల ఇంటర్వ్యూలో నువ్వు నా సీటు పోగొట్టకు నాన్నా!” అన్నారు.