పచ్చబడిన కాగితం

కర్కదే, అంటే ఎర్రగోంగూర పూలు ముందురోజే నానబెట్టాలి. ఆ ఎర్రనీళ్ళలో తెల్ల కాగితాలు ముంచి నీడన ఆరేయాలి. నిమ్మకాయలు నజాత్ తేవాలి. చింతపండు రసం, కోలా, పెరుగు తలా ఒకరు. సబ్బునీళ్ళు పంతులమ్మ వంతు. గేటు బయట బషందీ బాబాయ్ దగ్గర ఒక గ్లాసు అతిమధురం పానకం కొనాలి.

పిల్లలు 'అబ్లా' అని పిలిచే సైన్సు పంతులమ్మ ఇనాస్ ఇదంతా నల్లబల్ల మీద రాసి, ఒక్కోటి అయ్యాక కొట్టేస్తూ వచ్చింది.

ఆమెది అలెగ్జాండ్రియా. ఈజిప్టు దక్షిణాన ఉన్న ఇస్నాలోని ఈ ఆడపిల్లల బడికి వచ్చి ఏడాది కాలేదు. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కింది ఆమే మొదలు. అందుకే పిల్లలకు ఒక్క తప్పు మాట కూడా చెప్పకూడదని పట్టుదల.

ముందుగా సబ్బునీళ్ళ చుక్క వేసి చూపించింది. కాగితం పచ్చబడింది.

"పుల్లనివైతే ఎర్రబడతాయి. సబ్బులాంటివైతే ఇదిగో, ఇలా పచ్చబడతాయి. ఇక మీరు వేయండి."

నిమ్మరసం వేశారు. ఎరుపు.

చింతపండు రసం, కోలా. ఎరుపే.

పెరుగు కూడా ఎరుపు వైపే తిరిగింది.

నజాత్ అతిమధురం చుక్క వేసింది.

పచ్చబడింది.

"అబ్లా! ఇది సబ్బునీళ్ళ రంగే కదా!"

"అందుకేనే గ్లాసు నిండా అంత నురగ!"

"ఛీ, నేను రోజూ తాగుతున్నానే!"

"నీ కడుపు తళతళా మెరుస్తూ ఉంటుందిలే," అంది వెనక బెంచీలోంచి ఒకతె.

గదంతా నవ్వు.

ఇనాస్ నవ్వలేదు. ఇంకో కాగితం తీసి తనే చుక్క వేసింది. మళ్ళీ పచ్చే.

వేరు నానబెట్టి తీసిన పానకం సబ్బులా ఎందుకుంటుంది? ఏదో కలుపుతున్నాడు ముసలాయన.

"ఇక ఎవరూ అది తాగకండి," అంది.

గేటు కాపలా హిలాల్‌ను పిలిచి చెప్పింది. "పదిమందిలో గట్టిగా అనకు. పెద్దవాడు. కారణాలు ఏకరువు పెట్టకు. ఇక్కడ నిలబడొద్దని మాత్రం చెప్పు."

మధ్యాహ్నం బషందీ ఇత్తడి పళ్ళేలు టింగుమనిపిస్తూ, పొట్టకు కట్టుకున్న పెద్ద కూజాతో వచ్చాడు.

ఇనాస్ మేడమెట్ల మీద నిలబడి విన్నది.

"బాబాయ్, రేపటి నుంచి ఇక్కడ అమ్మకు. సైన్సు అబ్లా చెప్పింది."

"నేనేం చేశానురా?"

"అది చదువుల సంగతి. నీకూ నాకూ అర్థం కాదు."

ముసలాయన పొట్ట మీది కూజా సర్దుకున్నాడు.

"సరే, అమ్మనులే. పొద్దున్నే, బడి తెరవకముందు, ఆ జాడీల దాకా మాత్రం రానివ్వు."

గేటు పక్కన దిమ్మె మీద రెండు మట్టి జాడీలున్నాయి, దాహమైన వాళ్ళ కోసం. బడిపిల్లలంతా వాటిలోనే ముంచుకు తాగేవారు. జాడీలు చెమర్చి చెమర్చి దిమ్మె నిండా నాచు పట్టింది.

"జాడీల చాటున చేరి అమ్ముదామనా? భలేవాడివే! గేటు ఛాయలకే రావద్దంటుంటే!"

బషందీ వాదించలేదు. ఒక గ్లాసు నురగ కట్టేలా పైనుంచి వంచి హిలాల్ చేతిలో పెట్టాడు.

"ఆ పంతులమ్మ పిల్లకివ్వు. ఈ ఎండలో అరిచి అరిచి గొంతెండిపోయి ఉంటుంది."

హిలాల్ తెచ్చిన గ్లాసును ఇనాస్ తొట్లో పారబోసింది.

ఆ తర్వాత గేటు దగ్గర పళ్ళేల చప్పుడు వినబడలేదు.

కొన్నాళ్ళకు జాడీలూ ఎండిపోయాయి.

"మసీదు వాళ్ళు నింపడం మానేసినట్టున్నారు," అన్నాడు హిలాల్. పిల్లలు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకోసాగారు.

ఒకరోజు నజాత్ నాయనమ్మ కర్ర పొడుచుకుంటూ తరగతి గదికే వచ్చేసింది.

"అబ్లావి నువ్వేనా? అతిమధురంలో సబ్బుందని చెప్పావట?"

"కాగితం పచ్చబడిందమ్మా. పిల్లలంతా చూశారు."

"పచ్చబడక ఏమవుతుందే తల్లీ! వంటసోడా వేసి నలపందే ఆ వేరు రంగిస్తుందా, రుచిస్తుందా? మా అమ్మా అలాగే చేసింది, నేనూ అలాగే చేస్తున్నా. మీ ఊళ్ళో చెయ్యరా ఏం?"

ఇనాస్ చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"మేమెప్పుడూ బజార్లో తాగడమే. చెయ్యడం చూడలేదమ్మా."

"చూడకపోతే అడగాలి. అడిగితే ఆయన చెప్పేవాడు కాదూ?"

ఇనాస్ గేటు దగ్గరికి పరుగెత్తింది.

"హిలాల్! బషందీ బాబాయ్ ఇల్లెక్కడ? నేనే వెళ్ళి క్షమించమని అడుగుతాను. రేపటి నుంచి మళ్ళీ ఇక్కడే నిలబడమంటాను."

హిలాల్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఇంకెక్కడి బాబాయ్, అబ్లా. ఇక్కడ వద్దన్నాక బండ్ల అడ్డా దగ్గర నిలబడేవాడు. అక్కడ గోరంత నీడ లేదు. ఎండకు కూలిపోయాడు. నిన్న మేమే మోసుకెళ్ళి పూడ్చి వచ్చాం."

"ఇంట్లో... ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

ఇనాస్ జాడీల దిమ్మె పట్టుకుని కూలబడింది.

తడి లేక దిమ్మె మీది నాచు ఎండి, పెచ్చులు పెచ్చులుగా లేచింది. ఆమె చేయి తగిలి ఒక పెచ్చు రాలింది. కింద పలకరాయి. దాని మీద ఏవో అక్షరాలు.

పిల్లలు చుట్టూ మూగారు. ఇనాస్ గోళ్ళతో మిగతా నాచు గీకింది.

పైకి చదవబోయింది. మొదటి మాట దగ్గరే ఆగి పక్కకు జరిగింది.

నజాత్ వంగి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది:

"దాహం తీరినవాళ్ళు ఈ బడిలో చదువుకుంటూ చనిపోయిన నా బిడ్డ సనియ్యాను తలుచుకుని ఒక్కసారి ఫాతిహా ప్రార్థన చదవండి... ఇట్లు, రోజూ ఈ జాడీలు నింపే తండ్రి, బషందీ."